హార్మోన్ మాత్రల కాలం: నా అనుభవం

శస్త్రచికిత్స, కీమోథెరపీ, రేడియేషన్ పూర్తయ్యాక మా ఇంట్లో అందరూ రొమ్ము క్యాన్సర్ చికిత్స ముగిసిందనే అనుకున్నారు. నాది ఈస్ట్రోజెన్ హార్మోన్ అందితే పెరిగే రకం కణితి కాబట్టి, దానికి ఆ హార్మోన్ అందకుండా కనీసం ఐదేళ్లపాటు రోజూ మాత్ర వేసుకోవాలని డాక్టరు గారు చెప్పారు. ఈ రకం క్యాన్సర్ ఐదేళ్లు దాటిన తరువాత కూడా తిరగబెట్టే అవకాశం ఉన్నందువల్ల కొందరికి ఈ చికిత్సను పొడిగిస్తారు. ఇలాంటి మాత్రల్లో ఒకటైన టామోక్సిఫెన్‌ను ఐదేళ్లతో ఆపకుండా పదేళ్లు వాడినవారిలో తిరగబెట్టడమూ, దానివల్ల కలిగే మరణాలూ తగ్గాయని 2012లో వెలువడిన అట్లాస్ పరిశోధన చూపింది. ఈ మాత్ర విలువ నాకు మొదటి నుంచీ తెలుసు. దానితో రోజులు గడపడం ఎలాగన్నదే నేను నేర్చుకోవలసి వచ్చింది.

మొదట 20 మిల్లీగ్రాముల టామోక్సిఫెన్ ఇచ్చారు. కొద్ది వారాలకే ఆవిర్లు మొదలయ్యాయి. ఛాతీ నుంచి మెడ మీదుగా ముఖానికి ఒక్కసారిగా వేడి ఎక్కడం, ఒళ్లంతా చెమట పట్టడం, ఆ వెంటనే చలి వేయడం పగటిపూట ఎలాగో భరించగలిగినా, రాత్రిళ్లు పదేపదే మెలకువ రావడంతో మరుసటి రోజంతా చిరాకుగా, మతిమరుపుగా ఉండేది. తక్కువ మోతాదులో వెన్లాఫాక్సిన్ రాసినప్పుడు, మనసు కుంగిపోయినవారికి ఇచ్చే మందు నాకెందుకని అడిగాను. అది మెదడులో శరీర ఉష్ణోగ్రతను నియంత్రించే వ్యవస్థ మీద కూడా పనిచేసి ఆవిర్లను తగ్గిస్తుందని డాక్టరు గారు ఓపికగా వివరించారు. కుంగుబాటుకే ఇచ్చే పారోక్సెటిన్, ఫ్లూయోక్సెటిన్ వంటివి మాత్రం, టామోక్సిఫెన్‌ను శరీరానికి ఉపయోగపడే రూపంలోకి మార్చే కాలేయ ఎంజైమును అడ్డుకుంటాయి కనుక వాటికి దూరంగా ఉండమన్నారు. అప్పటి నుంచి ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా, పంటి నొప్పికైనా సరే, నేను టామోక్సిఫెన్ వాడుతున్నానని ముందే చెప్పేదాన్ని. పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా, బహిష్టులు ఆగిపోయిన తరువాత రక్తస్రావం కనిపించినా తదుపరి అపాయింట్‌మెంటు దాకా ఆగకూడదన్న హెచ్చరికను కుటుంబ సభ్యులందరికీ తెలియజేశాను. ఎందుకంటే ఈ మందు కొద్దిమందిలో రక్తం గడ్డకట్టడానికీ, గర్భాశయం లోపలి పొరలో క్యాన్సర్‌కూ దారితీయవచ్చు.

కీమో వల్ల బహిష్టులు ఆగినంత మాత్రాన అండాశయాలు శాశ్వతంగా పని మానేసినట్లు కాదు కాబట్టి, రక్త పరీక్షలతో నిర్ధారించుకున్న తరువాతే నన్ను లెట్రోజోల్‌కు మార్చారు. అండాశయాలు ఆగిపోయాక కొవ్వు కణజాలం వంటి చోట్ల ఆరోమటేజ్ అనే ఎంజైము ఈస్ట్రోజెన్‌ను తయారుచేస్తుంది. దాన్ని లెట్రోజోల్ అడ్డుకుంటుంది. ఆవిర్లు కొంత సర్దుకున్నాయి కానీ, కీళ్ల నొప్పులు వచ్చాయి.

ఈ నొప్పుల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే మాత్ర మానేస్తారు. పొద్దున లేచి పాదం నేల మీద మోపితే మడమలు, మోకాళ్లు బిగుసుకుపోయి ఉండేవి. వేళ్లు ముడవడానికి, సీసా మూత తిప్పడానికి, జడ అల్లుకోవడానికి చాలాసేపు పట్టేది. అంతకన్నా ఎక్కువగా నన్ను బాధించింది భయం. నడుము నొప్పి వచ్చిన ప్రతిసారీ క్యాన్సర్ ఎముకలకు పాకిందేమోనన్న ఆలోచనతో నిద్ర పట్టేది కాదు. మాత్ర వల్ల వచ్చే నొప్పి సాధారణంగా రెండు వైపులా ఉంటుందని, లేవగానే ఎక్కువగా ఉండి కదిలేకొద్దీ సడలుతుందని, ఒకే చోట నిలిచిపోయి రోజురోజుకూ పెరిగే నొప్పిని మాత్రం తప్పక పరీక్షించాలని డాక్టరు గారు చెప్పడం నాకు ఎంతో ఊరటనిచ్చింది. విటమిన్ డి, థైరాయిడ్ పరీక్షలు చేయించి, కీళ్లవాతం కాదని తేల్చుకున్నాక, ఆయన పర్యవేక్షణలోనే కొన్ని వారాలు లెట్రోజోల్ ఆపాము. బిగుసుకుపోవడం తగ్గింది కాబట్టి కారణం మందేనని తెలిసింది. ఆ తరువాత ఎగ్జెమెస్టేన్ మొదలుపెట్టారు. రెండూ ఆరోమటేజ్‌ను అడ్డుకునేవే అయినా ఒకటి పడనివారికి మరొకటి పడవచ్చు, నా విషయంలో అదే జరిగింది.

మందు మార్పు ఒక్కటే సరిపోలేదు. వారానికి 150 నిమిషాల నడక వంటి వ్యాయామం, రెండుసార్లు కండరాలకు బలాన్నిచ్చే కసరత్తు చేసిన స్త్రీలలో ఈ నొప్పులు తగ్గాయని 2015లో ప్రచురితమైన ఒక పరిశోధన గురించి ఫిజియోథెరపిస్టు చెప్పారు. నొప్పిగా ఉన్నప్పుడు నడవమనడం మొదట్లో నాకు క్రూరంగా తోచింది. అయినా పది నిమిషాలతో ఆరంభించి మెల్లగా పెంచుకుంటూ పోగా, పొద్దుటి బిగుతు తొందరగా వదలడం నాకే తెలిసింది.

ఎముకల సంగతి వేరు, అవి పలచబడుతున్నా నొప్పి తెలియదు. ఎముకల సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్‌లో టి-స్కోరు మైనస్ 1కీ మైనస్ 2.5కీ మధ్య ఉండడంతో, అంటే ఎముకలు కొంత పలచబడ్డాయని తేలడంతో, ముందు దంతవైద్యుని చేత పళ్లు చూపించి, ఆరు నెలలకొకసారి ఎముకలు పలచబడకుండా కాపాడే జోలెడ్రోనిక్ ఆమ్లం అనే మందును సెలైన్‌లో ఎక్కించారు. మొదటిసారి జ్వరం, ఒళ్లు నొప్పులు వచ్చి తగ్గిపోయాయి.

అన్నిటికన్నా కష్టంగా నోరు విప్పినది యోని పొడిబారడం గురించి. పక్కన ఇంకొకరు కూర్చుని ఉన్న గదిలో ఆ మాట రాలేదు, కాగితం మీద రాసి ఇచ్చాను. డాక్టరు గారు ఏమాత్రం ఇబ్బంది పడకుండా హార్మోన్లు లేని మాయిశ్చరైజర్‌ను క్రమం తప్పకుండా, కలయిక సమయంలో లూబ్రికెంట్‌ను వాడమన్నారు. ఈస్ట్రోజెన్ క్రీములను సొంతంగా కొనుక్కోవద్దని గట్టిగా చెప్పారు. ఇది ప్రతి రోగినీ వైద్యులే ముందుగా అడగవలసిన ప్రశ్న అని నేను నమ్ముతున్నాను. మా వారితో విడిగా మాట్లాడడం కూడా అవసరమైంది. నా వెనుకంజకు ప్రేమ తగ్గడం కారణం కాదని, నొప్పి అని ఆయనకు తెలిశాక ఇద్దరి మనసులూ తేలికపడ్డాయి.

ఇప్పుడు నా ముందున్నది ఐదేళ్లు దాటాక కొనసాగించాలా వద్దా అన్న నిర్ణయం. కణితి పరిమాణం, లింఫ్ గ్రంథులకు పాకిందా లేదా అన్నది, ఎముకల బలం, నేను ఎంతవరకు తట్టుకోగలుగుతున్నానన్నది కలిపి చూసి మాట్లాడదామన్నారు. పొడిగిస్తే నా విషయంలో తగ్గే ముప్పు ఎంత, ఎముకలకు జరిగే నష్టం ఎంత అని అడగాలని రాసి పెట్టుకున్నాను. అంతకంటే ముందు డెక్సా స్కాన్ మళ్లీ చేయించుకోవాలి.