పులిహోర పొట్లంతో ఏడో నెల గడుస్తుందా?

2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్ నగర్, రాజరాజేశ్వరీపేట అంతా మునిగినప్పుడు డ్రోన్లతో అన్నం పొట్లాలు దింపడం టీవీలో అందరూ చూసే ఉంటారు. మా చిన్నాన్న గారి అమ్మాయి అప్పుడు ఏడో నెల, కింద పోర్షన్ మునిగితే పక్కింటివాళ్ళ మేడ మీద ఉంది. పొట్లాలు ఇచ్చినవాళ్ళకి చేతులెత్తి దణ్ణం పెట్టాలి, అందులో డౌటే లేదు. కానీ సాయం అంతా ఇంటి లెక్కన, తల లెక్కన వస్తుంది, ఈ ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి ఉందా అని మాత్రం ఎవరూ అడగరు.

వచ్చేదేమో పులిహోర, బిస్కెట్లు, బ్రెడ్డు. ఆకలి తీరుతుంది, నిజమే. చివరి మూడు నెలల్లో అయితే మామూలుగా తినేదానికి పైన రోజుకి ఇంకో 22 గ్రాముల ప్రొటీన్ కావాలని మన హైదరాబాద్ ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్ళే చెప్తారు, గుడ్డుకి 6 గ్రాములు వేసుకున్నా మూడు నాలుగు గుడ్లు, పులిహోరలో ఏరుకుంటే దొరికే నాలుగు పల్లీలతో అది ఎక్కడ అవుతుంది చెప్పండి! పైగా ఖాళీ కడుపున చింతపండు పులుపు పడితే గుండెల్లో మంట, మా చెల్లి రెండు ముద్దలు తిని పక్కన పెట్టేసేది.

ఇంకోటుంది, ఇది మగవాళ్ళకి తట్టదు. బాత్రూమ్ మునిగిపోయింది కాబట్టి ఆడవాళ్ళు నీళ్ళు తాగడమే తగ్గించేస్తారు. మా చెల్లీ అదే చేసింది, బాటిళ్ళు ఉన్నా కూడా గుక్కెడే. కడుపుతో ఉన్నప్పుడు అలా బిగబట్టుకుంటే యూరిన్ ఇన్ఫెక్షన్ రావచ్చు, అది ముదిరితే నెలలు నిండకుండానే నొప్పులు వచ్చే ప్రమాదం ఉంది. నన్నడిగితే పొట్లం కంటే ముందు అక్కడ చూడాల్సింది టాయిలెట్ సంగతి.

బిళ్ళలు సరేసరి, బీరువాతో పాటే పోయాయి. నాలుగో నెల నుంచి 180 రోజులు రోజూ వేసుకోవాల్సిన ఐరన్ ఫోలిక్ మాత్రలు అవి, మన దగ్గర గర్భిణుల్లో సగానికి పైగా రక్తం తక్కువ ఉన్నవాళ్ళే, అలాంటప్పుడు వరద వచ్చిందని గ్యాప్ ఇస్తే ఎలా? మళ్ళీ దొరికాక కూడా ఐరన్, కాల్షియం కలిపి మింగకూడదు, టీతో అసలు వద్దు (క్యాంపుల్లో ఎప్పుడు చూడు టీయే ఇస్తారు, ఏం చేస్తాం).

నీళ్ళు తీశాక అంతా అయిపోయిందనుకుంటాం గానీ అసలు కష్టం అప్పుడే మొదలు. సర్కారు కిట్‌లో ఇంటికి 25 కిలోల బియ్యం, కిలో కందిపప్పు, నూనె, పంచదార, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు ఇచ్చారు. బియ్యం ఓకే, కానీ అయిదుగురున్న ఇంట్లో ఆ కిలో పప్పు ఎన్ని రోజులొస్తుంది, అందులో అందరికీ వడ్డించి ఆఖర్న కూర్చునే కోడలికి మిగిలేదెంత? పైగా రోజంతా బురద ఎత్తిపోయడం. మురుగు కలిసిన కుళాయి నీళ్ళతో వచ్చే పచ్చకామెర్లలో హెపటైటిస్ ఇ అని ఒకటుంది, మామూలు వాళ్ళకి చాలావరకు తగ్గిపోతుంది గానీ చివరి నెలల గర్భిణులకి సోకితే వందలో ఇరవై పాతిక మంది దాకా ప్రాణం పోవచ్చు. అందుకే గ్యాస్ దొరకడం ఆలస్యం, కూర తర్వాత, ముందు ఆమెకి నీళ్ళు కాచి ఇవ్వండి.

ఈసారి ఎక్కడికైనా లారీ పంపేవాళ్ళు ఉంటే పొట్లాలతో పాటు పల్లీ చిక్కీలు, పుట్నాలు, అరటిపళ్ళు, టెట్రా ప్యాక్ పాలు, ఉడకబెట్టిన గుడ్లు (ఆ పూటే తినేయమని చెప్పి) కూడా వెయ్యండి, పొయ్యి అక్కర్లేనివి. ఎవరికివ్వాలో వెతుక్కునే పని కూడా లేదు, అంగన్‌వాడీ టీచర్ ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ యాప్ ఉంటుంది, వాళ్ళ సెంటర్లో పేరు రాయించుకున్న గర్భిణులందరూ అందులో ఉంటారు. బండి వీధిలోకి వెళ్ళే ముందు ఆవిడకి ఒక్క ఫోన్ కొడితే చాలు.