కాగితం మీద ఎండిపోయిన చెట్టు: నా అనుభవం

మా వీధి చివరన ఉన్న బావోబాబ్ అనే ఆఫ్రికా జాతి చెట్టును వారసత్వ వృక్షంగా గుర్తిస్తూ ఉత్తర్వు మొన్ననే చేతికి వచ్చింది. దరఖాస్తు ఇచ్చిన నాటి నుండి 14 నెలలు పట్టింది. అందులో 11 నెలలను ఒకే ఒక్క వాక్యం మింగేసింది.

దరఖాస్తు నింపడం, పటం గీయించడం, ఇరుగుపొరుగు సంతకాలు సేకరించడం వారంలో ముగిశాయి. మాను చుట్టుకొలత మాత్రం రెండుసార్లు తీయవలసి వచ్చింది. మొదటిసారి నేల దగ్గర, మొదలు ఉబ్బిన చోట టేపు చుట్టి, వచ్చిన పెద్ద అంకెను చూసి మురిసిపోయాను. నేల నుండి సుమారు 1.3 మీటర్ల ఎత్తున కొలవాలని గుమాస్తా చెప్పేదాకా నాకు తెలియదు. ఆ తప్పు నాదే. తరువాతి తప్పు మాత్రం నాది కాదు.

పరిశీలనకు అధికారి మండు వేసవిలో వచ్చారు. వానలు లేని నెలల్లో బావోబాబ్ ఆకంతా రాల్చేసి, లావాటి మానులో దాచుకున్న నీటితో బతుకుతుంది. అప్పుడు దాని కొమ్మలు ఆకాశంలోకి తిరగబడిన వేళ్లలా కనిపిస్తాయి. ఆయన కారు అద్దం దించి చూసి, "వృక్షము పూర్తిగా ఎండిపోయినది, తొలగింపునకు సిఫారసు చేయడమైనది" అని రాసి వెళ్లిపోయారు. రక్షణ కోరుతూ నేనిచ్చిన అర్జీ ఆ విధంగా నరికివేత ఫైలుగా మారింది.

కార్యాలయానికి వెళ్లి అడిగితే, బల్ల వెనుక కూర్చున్న ఆయన ఆ వాక్యాన్ని గదిలో అందరికీ వినబడేలా చదివి, "చచ్చిన చెట్టుకు కాపలా ఏమిటండీ, పొయ్యిలోకి కూడా పనికిరాదు" అన్నారు. అందరూ నవ్వారు. బావోబాబ్ కలప బెండులా ఉంటుంది కనుక పొయ్యి సంగతి నిజమే. ఆయన నోట ఆ రోజు వచ్చిన నిజం అదొక్కటే. ఒక కొమ్మ మీద బూడిదరంగు బెరడును గోటితో గీరి, కింద కనిపించిన పచ్చటి పొరను ఫోటో తీసుకెళ్లాను. ఫోటోలోని చెట్టు ఇదేనని రుజువేమిటన్నారు. వృక్షశాస్త్ర అధ్యాపకుడి చేత ధ్రువపత్రం తెస్తే, అందులో చెట్టు వయసు లేదన్నారు. బావోబాబ్‌ మానులో వయసు తెలిపే వలయాలు స్పష్టంగా ఉండవని, ముసలి మానులు లోపల డొల్లగా ఉంటాయని, కార్బన్ పరీక్ష తప్ప నమ్మదగిన దారి లేదని నిలబడే వివరించాను. కుర్చీ ఎవరూ చూపించలేదు. ఇంత వివరం ఆ గదిలో నాకొక్కడికే తెలుసునని చెప్పుకోవడానికి నేనేమీ సిగ్గుపడను.

చివరకు వానలు పడి, ఒక్కో కాడకు అయిదేసి ఆకులు అరచేతిలా విచ్చుకున్నాక, అదే అధికారి మళ్లీ వచ్చారు. ఈసారి కారు దిగి, చాలాసేపు తలెత్తి చూసి, "గతంలో ఎండిపోయిన వృక్షము తిరిగి చిగురించినది" అని రాశారు. అభ్యంతరం చెబుదామని నోటిదాకా వచ్చింది కానీ, ఫైలు కదులుతోందని ఊరుకున్నాను.

ఈ పని తలపెట్టేవారు చెట్టు నిండా ఆకులున్న కాలంలోనే దరఖాస్తు ఇవ్వండి, ఆడన్సోనియా డిజిటాటా అనే శాస్త్రీయ నామం కూడా రాయండి. కాలనీ సంఘాన్ని నమ్ముకోకండి. మా అధ్యక్షుడికి నీడ కంటే పార్కింగ్ ముఖ్యం. వేళ్లు కొమ్మల వ్యాప్తిని దాటి, పైమట్టిలోనే ఎక్కువగా పరుచుకుంటాయి కనుక, మాను చుట్టూ సిమెంటు పోయరాదన్న షరతును ఉత్తర్వులో అక్షరాలా రాయించుకోండి.

నిన్న ఇద్దరు మనుషులు "రక్షిత వృక్షము" అన్న రేకు పలకతో వచ్చి, దానిని నాలుగు పొడవాటి మేకులతో మానుకే కొట్టారు. రెండు మేకులు పీకించగలిగాను. మిగిలిన రెండింటికి మళ్లీ అర్జీ పెట్టుకోమన్నారు.