సెలవు పెట్టి చేసే పని

అమెరికాలో నాకిచ్చే సెలవులే తక్కువ. అందులో ఒక వారాన్ని ప్రతి వేసవిలో మిషిగన్ ఉత్తరాన, అడవి మధ్య సరస్సు పక్కన జరిగే ఒక సమ్మర్ క్యాంపుకి ఇచ్చేస్తాను. వైకల్యం ఉన్న టీనేజీ పిల్లల కోసం నడిపే క్యాంపు అది. జీతం ఉండదు, నిద్ర కూడా సరిగ్గా ఉండదు. విశాఖలో మా అమ్మ లెక్క మాత్రం ఒకటే: "ఆ వారం కూడా కలుపుకుని వస్తే ముక్కనుమ దాటాక కూడా ఉండొచ్చు కదరా." ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

మొదట్లో వీసా గురించి టెన్షన్ పడ్డాను. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళు స్పాన్సర్ చేసిన కంపెనీకి తప్ప ఇంకెవరికీ పని చేయకూడదు. పైసా తీసుకోకుండా, మామూలుగా వాలంటీర్లే చేసే పనిని లాభాపేక్ష లేని సంస్థకి చేస్తే ఇబ్బంది లేదని లాయరు చెప్పాకే ఫారం నింపాను. ఆ తర్వాత వేలిముద్రలు, నేరచరిత్ర తనిఖీ, శిక్షణ. పిల్లలతో పెద్దవాళ్ళెవరూ ఒక్కరే ఉండకూడదన్నది అక్కడ మొదటి రూలు.

ఆటలు ఆడించేవాళ్ళు, పడవ నడపడం నేర్పేవాళ్ళు వేరే ఉంటారు. ఫోటోల్లో పడేది వాళ్ళే. మాది వెనకపని. వంటింట్లో సాయం, బట్టలు ఉతకడం, వీల్‌చైర్ల బ్యాటరీలు రాత్రికి చార్జింగ్‌లో పెట్టడం, స్నానాలు, టాయిలెట్, మంచం నుంచి కుర్చీలోకి, కుర్చీ నుంచి మంచంలోకి మార్చడం. మందుల జోలికి మాత్రం మేం వెళ్ళం, అది నర్సుల పని.

మనిషిని మార్చడానికి హోయర్ లిఫ్ట్ అని ఒకటుంటుంది. మనిషి కింద గుడ్డ ఉయ్యాల లాంటిది పరిచి, దాని పట్టీలను లిఫ్ట్ కొక్కేలకి తగిలించి పైకి లేపుతాం. పట్టీలకి రంగులుంటాయి. కుడివైపు ఏ రంగు తగిలిస్తే ఎడమవైపూ అదే తగిలించాలి, లేకపోతే మనిషి ఒక పక్కకి ఒరిగిపోతాడు. కుర్చీ బ్రేకులు వేశామా లేదా అని ఇద్దరం చూసుకుంటాం. ఇంత చేశాక కూడా ఎప్పుడు లేపాలో చెప్పేది మేం కాదు, లిఫ్ట్‌లో ఉన్న కుర్రాడు. "ఒకటి, రెండు, మూడు" వాడే అంటాడు. పోయిన వేసవిలో ఒక పదిహేడేళ్ళవాడు సరిగ్గా గాల్లో ఉండగా "ఆగండి" అన్నాడు. ఎక్కడైనా నొక్కుకుందేమోనని నాకు గుండె జారిపోయింది. పక్క గదిలో టీవీలో బేస్‌బాల్ మ్యాచ్ ఆఖరి ఓవర్లాంటి ఘట్టంలో ఉందట, ఆ ఎత్తులో నుంచి అయితే తలుపు సందులో తెర కనిపిస్తోందట. ఇద్దరం లిఫ్ట్ పట్టుకుని అలాగే నిలబడ్డాం. వాడు ఓడిన జట్టుని తిట్టుకుని, "ఇక దించండి" అన్నాడు.

నా ఉద్యోగంలో నన్నెవరూ ఇలా ఆపరు. కార్ల సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నాది. ఎంత త్వరగా ముగిస్తే అంత మంచిది. క్యాంపులో త్వరగా చేసేవాడు పనికిరాడు. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి ఒకమ్మాయికి పావుగంట పడితే పావుగంట ఆగాలి. టాబ్లెట్‌లో ఒక్కో అక్షరం నొక్కుతూ మాట్లాడే పిల్లాడి వాక్యాన్ని మధ్యలో మనం పూర్తి చేయకూడదు. వాడు అంత కష్టపడి టైపు చేసేది చాలాసార్లు జోకే, ఆఖరి మాట మనం అనేస్తే ఇంకేముంది?

వంటింట్లో ఒకరోజు నన్ను పులిహోర చేయమన్నారు. క్యాంపులో వేరుశనగలు నిషేధం, ఎవరికైనా అలర్జీ ఉంటే ప్రాణాల మీదకి వస్తుంది కాబట్టి. శనగపప్పు గొంతుకి అడ్డం పడుతుందని నర్సు వద్దంది. మింగడం కష్టమైన పిల్లలకి మెత్తగా మిక్సీ పట్టాలి, వాళ్ళు తాగే నీళ్ళలో కూడా చిక్కబరిచే పొడి కలపాలి. చివరికి మిగిలింది చింతపండు, పసుపు, ఇంగువ. అమ్మ చూస్తే దాన్ని పులిహోర అనదు. పిల్లలు మాత్రం మళ్ళీ పెట్టించుకున్నారు.

ఈ కబుర్లు విని మా పెద్దమ్మ "ఎంత పుణ్యమో నాయనా" అంటుంది. నాకు కాస్త ఒళ్ళు మండుతుంది. ఒకరి పుణ్యం ఖాతాలో పడటానికి ఆ పిల్లలు రారు. అమ్మానాన్నలకి దూరంగా, రాత్రి లైట్లు తీసేశాక గుసగుసలాడుకోడానికి, ఎవరికి ఎవరు నచ్చారో చెప్పుకోడానికి వస్తారు. రాత్రి డ్యూటీలో మేం వాళ్ళని పక్కకి తిప్పి పడుకోబెడుతూ ఉంటాం, ఒత్తిడి పుళ్ళు పడకుండా. ఆ గుసగుసలు వినపడనట్టు ఉండటం కూడా డ్యూటీయే.

ఆ కబుర్లని తక్కువగా చూడకూడదు. న్యూయార్క్ రాష్ట్రంలో 1951లో వైకల్యం ఉన్న పిల్లల కోసమే క్యాంప్ జెనెడ్ అని ఒకటి మొదలైంది. చిన్నప్పుడు అక్కడికి వెళ్ళి, తర్వాత అక్కడే కౌన్సెలర్‌గా పనిచేసిన జూడీ హ్యూమన్, 1977లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రభుత్వ భవనంలో వారాల తరబడి సాగిన ధర్నాకి ముందు నిలిచింది. వికలాంగులపై వివక్ష కూడదన్న 1973 చట్టానికి నిబంధనలు ఆ ఒత్తిడితోనే సంతకమయ్యాయి. ఇప్పుడు క్యాంపులకి కూడా వర్తించే పెద్ద చట్టం 1990లో వచ్చింది. మన దేశంలోనూ వికలాంగుల హక్కులకి 2016 చట్టం ఉంది, అది గుర్తించే వైకల్యాలు 7 నుంచి 21 అయ్యాయి. కాగితం మీద మనం మరీ వెనకబడి లేం.

కాగితం దాటి వస్తే విశాఖ మర్రిపాలెంలో మా అక్క ఇల్లు. మేనల్లుడికి పదిహేనేళ్ళు, సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కండరాలు మాట వినని స్థితి. ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం తెరిచింది 2002లో, వాడు ఇప్పటికీ దాన్ని బయట నుంచే చూస్తున్నాడు. ఎక్కడానికి మెట్లు, లోపల గదికీ గదికీ మధ్య గుండ్రటి కంతలు. జలాంతర్గామిని ఎవరూ మార్చలేరు, ఒప్పుకుంటాను. మరి ఫుట్‌పాత్ ఏం పాపం చేసింది?

ఈ సంక్రాంతికి వెళ్ళినప్పుడు వాడు క్యాంపు గురించి అన్నీ అడిగాడు. ఫోన్ లాక్కుంటారా? ఎన్నింటికి పడుకోవాలి? "అమ్మ రాకూడదా మావయ్యా?" రాకూడదన్నాను. నిజంగానా అని మళ్ళీ అడిగాడు. అక్క మొహం చిన్నబుచ్చుకుంది. "నేను లేకపోతే వీడికి అన్నం ఎవరు పెడతారురా?" వాడు పుట్టాక పెళ్ళిళ్ళకి కూడా ఒక రాత్రి బయట ఉండలేదు తను.

అక్కడే బావగారు మాట కదిపారు. తెలిసిన నాలుగైదు కుటుంబాల పిల్లలతో, భీమిలి వైపు రెండు రాత్రులు. వేసవి క్యాంపు కాదు, మే నెలలో మన ఉక్కపోతకి అసలు పనికిరాదు. వెన్నుపాము పైభాగం దెబ్బతిన్నవాళ్ళకి కింది శరీరానికి చెమట సరిగ్గా పట్టదు, కొన్ని ఫిట్స్ మందులు కూడా చెమటని తగ్గిస్తాయి. వచ్చే సంక్రాంతి సెలవులే మేలు. ఒక్కో పిల్లాడికి ఇద్దరేసి సాయం, ఒక నర్సు, అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవున్న ర్యాంపు. అన్నిటికంటే కష్టం బాత్రూం తలుపు. కుర్చీ సాఫీగా వెళ్ళాలంటే 81 సెంటీమీటర్ల దారి ఉండాలంటుంది అమెరికా కొలత, మన దగ్గర చాలా బాత్రూం తలుపులు ఫ్రేముతో కలిపినా రెండున్నర అడుగులే. బావగారు ఆదివారం టేపు జేబులో వేసుకుని భీమిలి రిసార్టులు చూసి రావడానికి బయల్దేరారు.

అక్క మాత్రం పక్క గదిలో ఉంటానంది. వాడు విజయనగరంలో ఉండమన్నాడు. ఇద్దరి మధ్య గంటసేపు బేరం నడిచి, ఆఖరికి భీమిలికీ విజయనగరానికీ మధ్యనున్న తగరపువలసకి మాట కుదిరింది.