పాస్ 6 గంటల వరకు, తలుపు మాత్రం 5:49కే ఆగిపోయింది

ఆ సాయంత్రం మెట్ల మీద నిలబడ్డ ఆమె ముఖం నాకింకా గుర్తుంది. మాది కోవర్కింగ్ స్పేస్, అంటే డబ్బు కట్టి సీటు తీసుకుని పని చేసుకునే చోటు. ఆమె ఒక్క రోజుకి చెల్లే డే పాస్ తీసుకుని పొద్దున్నే వచ్చారు. 5:40కి ఫోన్ వస్తే, లోపల పని చేసుకునేవాళ్ళకు ఇబ్బంది ఎందుకని బయటికి వెళ్ళి మాట్లాడారు. 5:52కి తిరిగొచ్చి కార్డు పెడితే తలుపు పక్కనున్న కార్డు రీడర్ మీద ఎర్ర లైటు. మళ్ళీ పెట్టారు, మళ్ళీ ఎరుపే. ల్యాప్‌టాప్ లోపల, బ్యాగు లోపల, బ్యాగులో ఇంటి తాళాలు. నేను వెళ్ళేసరికి మేం పంపిన మెసేజ్ తెరిచి నాకు చూపించి, "6 వరకు అని మీరే రాశారు కదండీ" అన్నారు. గొంతు పెంచలేదు. అందుకే నాకు మరీ గుచ్చుకుంది.

తలుపు తీసి, క్షమించమని అడిగి, ఆమె సర్దుకుని వెళ్ళాక కూర్చుని చూశాను. పాస్ సరిగ్గానే ఇచ్చాం. 9 నుంచి 6 వరకు అని సిస్టమ్‌లో స్పష్టంగా ఉంది. మరి 5:52కి ఎందుకు ఆపింది? తలుపు దగ్గర జరిగే ప్రతి ప్రయత్నం నమోదయ్యే లాగ్ తెరిస్తే ఆమె చివరి ప్రయత్నం పక్కన 6:03 అని ఉంది. గోడ గడియారం కంటే తలుపు గడియారం 11 నిమిషాలు ముందు నడుస్తోంది.

మనకు కనబడేది రీడర్ ఒక్కటే. తెరవాలా వద్దా అని తేల్చేది మాత్రం ఎక్కడో అల్మరాలో ఉండే కంట్రోలర్. ఇంటర్నెట్ పోయినా తలుపు పని చెయ్యాలి కాబట్టి అది పాస్‌ల జాబితాను తన దగ్గరే దాచుకుంటుంది, సమయాన్ని తన గడియారంలోనే చూసుకుంటుంది. మామూలు క్వార్ట్జ్ గడియారం పది లక్షల సెకన్లకు 20 సెకన్లు తప్పినా రోజుకు దాదాపు 1.7 సెకన్లు అవుతుంది. నెలకు సుమారు 52 సెకన్లు, ఏడాదికి పది నిమిషాల పైమాట. మేం ఆ కంట్రోలర్ పెట్టి అప్పటికి ఏడాది దాటింది. సమయాన్ని సరిచూసుకునే ఎన్‌టీపీ సర్వర్ చిరునామా అందులో రాసే ఉంది, కానీ మా నెట్‌కి కాపలా కాసే ఫైర్‌వాల్‌లో ఆ సమయం వచ్చే దారి, అంటే యూడీపీ 123 పోర్టు, మూసేసి ఉంది. ఆ ఫైర్‌వాల్ పెట్టించుకున్నది నేనే. అంటే ఏడాది పొడవునా ఆ కంట్రోలర్ తన లెక్క తాను నడుపుకుంటోంది, మేమేమో దాని మాట నమ్మి జనాలకు సమయాలు రాసిస్తున్నాం.

పోర్టు తెరవడం రెండు నిమిషాల పని. కానీ ఆ రాత్రి నాకు తట్టింది వేరే. గడియారం సరిగ్గానే ఉండి, ఆమె 6:02కి తిరిగొచ్చి ఉంటే? సిస్టమ్ లెక్క ప్రకారం ఎర్ర లైటు న్యాయమే. ఆమె బ్యాగు మాత్రం అప్పుడూ లోపలే ఉండేది. గడువు తీరింది సీటుకి, మనిషికి కాదు. ఈ తేడా మా సెట్టింగుల్లో ఎక్కడా లేదు.

మాది ముప్పై సీట్ల చిన్న చోటు. మొదట్లో డే పాస్ అంటే నోటుబుక్‌లో ఒక లైను, చేతికో కార్డు. వెళ్ళేటప్పుడు కార్డు తిరిగిచ్చేవాళ్ళు, ఎవరైనా మరిచిపోతే మేం ఫోన్ చేసేవాళ్ళం. గడువు తీరగానే దానంతటదే ఆగిపోయే పాస్‌లు పెట్టాక ఆ గొడవ తగ్గింది, నిజమే. దానితో పాటు, నోటుబుక్ ఉన్న రోజుల్లో మా రిసెప్షన్ కుర్రాడు కళ్ళతో చూసి సర్దేసే చిన్న చిన్న విషయాలన్నీ ఇప్పుడు ముందే ఆలోచించి సిస్టమ్‌లో పెట్టాల్సి వచ్చింది.

అందుకే ఇప్పుడు మా దగ్గర ఒక్కో పాస్‌కి రెండు ముగింపులు ఉన్నాయి. కస్టమర్‌కి చెప్పేది ఒకటి, తలుపుకి చెప్పేది ఇంకొకటి. చెప్పేది 6 అయితే తలుపు 6:30 వరకు పచ్చగా వెలుగుతుంది. ఇది దాచి ఉంచే సంగతి కాదు, మెసేజ్‌లోనే రాస్తాం. ఇప్పుడు పంపేది ఇలా ఉంటుంది: "మీ సీటు ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకు. సామాను సర్దుకోవడానికి తలుపు 6:30 వరకు తెరుచుకుంటుంది. లోపలి నుంచి బయటికి ఎప్పుడైనా, కార్డు లేకుండా వెళ్ళవచ్చు. ఇంకాసేపు ఉండాలంటే ఈ మెసేజ్‌కి జవాబివ్వండి." 5:30కి ఇంకో మెసేజ్ వెళ్తుంది. అరగంట ఇస్తే అందరూ అరగంట ఎక్కువ కూర్చుంటారని నాకు చెప్పినవాళ్ళున్నారు. ఒకరిద్దరు కూర్చుంటారు. కూర్చోనివ్వండి. మెట్ల మీద ఒక మనిషిని నిలబెట్టడం కంటే అది ఎంతో నయం.

ఆ మెసేజ్‌లో మూడో వాక్యం గురించి కొంచెం గట్టిగా చెప్పాలి. గడువు ఎంత కఠినంగా పెట్టుకున్నా అది లోపలికి రావడానికే వర్తించాలి. బయటికి వెళ్ళే తలుపుకి పాస్‌తో సంబంధం ఉండకూడదు. మా తలుపుకి ఉన్నది అయస్కాంత తాళం, కరెంటు పోతే దానంతటదే వదిలేస్తుంది. లోపలి వైపు బటన్ సాఫ్ట్‌వేర్‌ని అడగదు, నేరుగా తాళానికి వెళ్ళే కరెంటునే ఆపేస్తుంది. ఫైర్ అలారం మోగినా అంతే. ఎవరు ఎంతసేపు ఉన్నారో లెక్క తెలియడం కోసం బయటికి వెళ్ళేటప్పుడు కూడా కార్డు పెట్టించమని ఒకసారి నాకు సలహా వచ్చింది. గడువు తీరిన మనిషి లోపలే ఇరుక్కుపోయే దారి అది. లెక్క కావాలంటే బయటికెళ్ళే వైపు కూడా రీడర్ పెట్టి నమోదు చేసుకోవచ్చు, తలుపు మాత్రం దాని కోసం ఆగకూడదు.

వైఫై సంగతి ఇంకో తలనొప్పి. చాలా వైఫై వోచర్లలో, అంటే కొంతసేపు నెట్ వాడుకోనిచ్చే కోడ్‌లలో, గడువు మొదటిసారి లాగిన్ అయినప్పటి నుంచి లెక్కలోకి వస్తుంది. తలుపు పాస్ గడియారం ప్రకారం నడుస్తుంది. మేం ఎనిమిది గంటల వోచర్ ఇచ్చేవాళ్ళం. 9కి వచ్చి వెంటనే లాగిన్ అయిన మనిషికి 5 గంటలకు నెట్ పోతుంది, సీటుకి ఇంకా గంట మిగిలుండగానే. అదే మనిషి 11కి లాగిన్ అయితే 7 వరకు వస్తుంది, ఆ వేళకు తలుపే తెరుచుకోదు. ఒకే పాస్ లోపల రెండు గడియారాలన్న మాట. వైఫైకి ఎవరిని రానివ్వాలో తేల్చే రేడియస్ సర్వర్ వాడుతున్నవాళ్ళు సెషన్ టైమౌట్ విలువను, అంటే నెట్ ఎంతసేపు ఉండాలో చెప్పే అంకెను, లాగిన్ వేళ నుంచి పాస్ ముగిసే వేళ వరకు మిగిలిన సెకన్లుగా లెక్కగట్టి పంపించాలి. అందరికీ ఒకే 28,800 (ఎనిమిది గంటల్లోని సెకన్లు) అని రాసి వదిలేస్తే మాకు జరిగిందే జరుగుతుంది. వోచర్‌కి ఒక్క డివైస్ అని బిగించడం కూడా వద్దు. ప్రతి మనిషి దగ్గరా ఫోన్, ల్యాప్‌టాప్ రెండూ ఉంటాయి. పైగా 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు ఒక్కో నెట్‌వర్క్‌కి ఒక్కో మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ డివైస్‌ని గుర్తుపట్టే నంబర్) చూపిస్తున్నాయి. ఆ నెట్‌వర్క్‌ని మర్చిపోమని చెప్పి మళ్ళీ కలిస్తే అదే ఫోన్ కొత్త డివైస్‌లా కనబడవచ్చు.

కార్డు లేనివాళ్ళకు పిన్ ఇస్తాం. మొదట నాలుగంకెల పిన్ పెట్టాను, గుర్తుంచుకోవడం తేలికని. తర్వాత కాగితం మీద లెక్క వేస్తే భయం వేసింది. నాలుగంకెలతో వచ్చే పిన్‌లు మొత్తం 10,000. ఒకే సమయంలో 40 పాస్‌లు చెల్లుబాటులో ఉంటే, ఎవరైనా గుడ్డిగా నొక్కే ప్రతి 250 పిన్‌లలో ఒకటి ఎవరిదో ఒకరిది అవుతుంది. ఖాళీగా ఉన్న మనిషికి అదేం పెద్ద పని కాదు. ఆరంకెలు చేస్తే అదే 40 పాస్‌లకు 25,000లో ఒకటి అవుతుంది. అయిదుసార్లు తప్పు నొక్కితే కీప్యాడ్ కాసేపు మొరాయించేలా పెట్టాక నాకు నిద్ర పట్టింది.

కార్డుల్లో 125 కిలోహెర్ట్జ్ రేడియో మీద పని చేసే రకం తన నంబర్‌ని ఏ రక్షణా లేకుండా పలికేస్తుంది. చేతిలో పట్టే చిన్న పరికరంతో క్షణాల్లో నకలు తీయవచ్చు. మైఫేర్ క్లాసిక్ అనే ఇంకో రకం కార్డులోని రహస్య పద్ధతిని పరిశోధకులు 2008 నాటికే ఛేదించారు. ఏఈఎస్ అనే గట్టి రహస్య పద్ధతి ఉన్న డెస్‌ఫైర్ లాంటి కార్డులు మేలు. డే పాస్‌కి అంత అవసరమా అంటే, గడువుండడమే ఇక్కడ సగం రక్షణ. సాయంత్రానికి ఆ నంబర్ పని చెయ్యకపోతే నకలు కూడా పని చెయ్యదు. అయితే ఆ నంబర్‌నే మర్నాడు ఇంకొకరికి ఇచ్చామనుకోండి, నిన్నటి నకలు మళ్ళీ ప్రాణం పోసుకుంటుంది. లాగ్‌లో కూడా ఇద్దరు మనుషులు ఒకే కార్డు కింద కలిసిపోతారు. అందుకే డే పాస్‌లను మేం దాదాపుగా పిన్‌కి, క్యూఆర్ కోడ్‌కి మార్చేశాం. ప్రతి మనిషికీ ప్రతి రోజూ కొత్తది.

పది రోజుల పాస్‌లో మేం చేసిన తప్పు చెప్పకుండా ఉండలేను. తలుపు తెరిచిన ప్రతిసారీ ఒక రోజు తగ్గిపోయేలా పెట్టాం. ఒక పెద్దాయన ఒక్క రోజులో నాలుగుసార్లు బయటికి వెళ్ళొచ్చారు, నాలుగు రోజులు పోయాయి. ఆయన ఏమీ అనలేదు. వారం తర్వాత "నా పాస్ తొందరగా అయిపోయిందేమిటి బాబూ?" అని మా కుర్రాడిని అడిగితేగానీ బయటపడలేదు. పాత లాగులన్నీ తీసి, అలా నష్టపోయిన అందరికీ రోజులు తిరిగి కలిపాం. ఇప్పుడు ఆ రోజు మొదటి ప్రవేశానికి మాత్రమే ఒకటి తగ్గుతుంది.

రాత్రి పని చేసేవాళ్ళ పాస్‌లు మరీ సున్నితం. రాత్రి 10 నుంచి ఉదయం 6 అంటే మనకు ఒక రాత్రి. మా కంట్రోలర్‌కి అది రెండు రోజులు. 22:00 నుంచి 23:59 ఒక ముక్క, 00:00 నుంచి 06:00 ఇంకో ముక్క. సోమవారం నుంచి శుక్రవారం అని టిక్కు పెడితే శుక్రవారం రాత్రి లోపలికి వచ్చినవాళ్ళు అర్ధరాత్రి దాటాక బయటికి వెళ్తే మళ్ళీ రాలేరు, ఎందుకంటే అప్పటికి శనివారం. ఇంకోటి, మా కంట్రోలర్ 23:59 అంటే ఆ నిమిషం మొదలయ్యేసరికే ఆపేస్తుంది. సరిగ్గా ఆ ఒక్క నిమిషం ఎవరికీ తలుపు తెరుచుకోదు. నమ్మకం కలగక, ఒక రాత్రి నేనే కార్డు పట్టుకుని తలుపు బయట నిలబడి చూశాను. 23:59కి ఎరుపు, పన్నెండు కొట్టగానే పచ్చ. ఆ నిమిషాన్ని కప్పడానికి సెకన్లు కూడా రాయనిచ్చే కొత్త సాఫ్ట్‌వేర్ వేయించాల్సి వచ్చింది.

అప్పటి నుంచి సెట్టింగుల్లో ఏ చిన్న మార్పు చేసినా ఒక అలవాటు పెట్టుకున్నాను. అయిదు నిమిషాల పాస్ ఒకటి నా పేరు మీద తీసుకుంటాను. లోపలికి వెళ్ళి, బ్యాగు ఒక బల్ల మీద వదిలేసి, ఫోన్ ఒక్కటే పట్టుకుని బయటికి వస్తాను. మెట్ల మీద, ఆమె నిలబడ్డ చోటే నిలబడి ఆ అయిదు నిమిషాలు అయిపోనిస్తాను. అప్పుడు పిన్ నొక్కుతాను. పచ్చ లైటు రావాలి, ఆ తర్వాత అరగంట వరకూ వస్తూనే ఉండాలి. ముప్పై ఆరో నిమిషంలో ఎరుపు రావాలి. అప్పుడు లోపల ఉన్న మా కుర్రాడు బటన్ నొక్కి తలుపు తీసి, నా బ్యాగు నాకిస్తాడు.