కొమిక్ నుంచి కిందికి

హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయలో బస్సులు తక్కువ. రోడ్డు పక్కన నిలబడి చెయ్యెత్తితే పచ్చి బఠానీ బస్తాల పికప్పో, రోడ్డు పనుల టిప్పరో, ఇంటిల్లిపాదీ ఎక్కిన జీపో ఆగుతుంది. మనం "జూలే" (అక్కడి నమస్కారం) అంటే వాళ్లూ "జూలే" అని, సర్దుకుని చోటిస్తారు. డబ్బులిస్తే చాలామంది తీసుకోలేదు. ఆ లోయ మనుషులంటే నాకున్న ఇష్టం అక్కడే మొదలైంది.

అలా మనాలి నుంచి ఒక లారీలో కుంజుమ్ కనుమ దాటి, ఒక్క పగటిపూటలో కాజా చేరాను. మనాలి ఎత్తు సుమారు 2,000 మీటర్లు. కాజా 3,600 దాటుతుంది. తలనొప్పి ఆ రాత్రే మొదలైంది, పారాసెటమాల్ వేసుకుంటే తగ్గింది. మర్నాడు కీ గొంపా (బౌద్ధ మఠం) చూసి వచ్చాను. ఆ తర్వాత కొమిక్ వెళ్లే పికప్ దొరికింది. కొమిక్ 4,500 మీటర్ల పైన ఉన్న ఊరు. అక్కడి తంగ్యుద్ గొంపా టిబెటన్ బౌద్ధంలోని సాక్య సంప్రదాయానిది. దాన్ని చూసి, రాత్రికి ఆ ఊళ్లోనే ఒకరింట్లో ఉండిపోయాను.

పెట్టిన తుక్పా (నూడుల్స్ సూపు) రెండు చెంచాలు కూడా లోపలికి పోలేదు. పడుకుంటే ఊపిరి ఆడటం లేదు, లేచి కూర్చుంటే కాస్త నయం. పొడిదగ్గు ఆగడం లేదు. అర్ధరాత్రి దాటాక కూర్చున్నా ఆయాసమే, ఛాతీలో గురగుర. దగ్గు విని ఇంటావిడ వచ్చి, టార్చి వెలుగులో నా పెదాలూ గోళ్లూ చూసింది. "బేటా, తెల్లారేదాకా ఆగకూడదు, కిందికి పోవాలి" అని హిందీలో చెప్పి పక్కింటివాళ్లని లేపింది. పొద్దున కాజాకి వెళ్లాల్సిన బఠానీ బస్తాలు అప్పటికే పికప్ ఎక్కి ఉన్నాయి. వాటిని దించేసి, నన్ను దుప్పట్లలో చుట్టి కూర్చోబెట్టారు. ఆ చీకటి మలుపుల్లో డ్రైవరన్న ఆపకుండా మాట్లాడుతూనే ఉన్నాడు, నేను నిద్రపోకుండా.

కాజా ఆస్పత్రిలో వేలికి క్లిప్పు పెడితే ఆక్సిజన్ రీడింగ్ 64 చూపించింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు డాక్టరు. ఎత్తు ప్రదేశాల్లో వచ్చే ఈ జబ్బును హేప్ (HAPE) అంటారు. పైన గాలి పలచన కావడంతో ఊపిరితిత్తుల్లోని రక్తనాళాలు బిగుసుకుంటాయి, ఒత్తిడి పెరిగి నీరు గాలిగదుల్లోకి ఊరుతుంది. ఎత్తుకు చేరాక రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల, ఎక్కువగా రాత్రిపూట బయటపడుతుంది. రోజూ పరుగెత్తేవాళ్లకైనా వస్తుంది. ఆక్సిజన్, నిఫెడిపిన్ మాత్రలు, ఎత్తు దిగడం, ఇదీ వైద్యం. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు ముందు రాత్రికన్నా 500 మీటర్లకు మించి పెరగకూడదన్నది కొండ వైద్యుల లెక్క. దారిన పోయే బండ్లను లిఫ్ట్ అడుగుతూ చేసే ప్రయాణంలో ఆ లెక్క నిలబడటం కష్టం. దొరికిన బండి ఎక్కడిదాకా పోతే మనమూ అక్కడిదాకానే కదా.

సిలిండర్ తీసేసినా రీడింగ్ పడిపోకుండా ఉన్నాకే వదిలారు. రికాంగ్ పియో వెళ్తున్న ఒక జీపులో నన్ను తాబోలో దింపారు. తాబో సుమారు 3,300 మీటర్లు. అక్కడ ఆకలి తిరిగొచ్చింది. నీళ్ల పప్పూ అన్నమూ పళ్లెం నిండా తిన్న రోజు అమ్మకి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. అంతకుముందు చెప్పే ధైర్యం చాలలేదు.

కీ, ధన్కర్ గొంపాలు కొండ కొనల మీద ఉంటాయి. తాబో గొంపా లోయ అడుగున, చదునైన నేల మీద ఉంది. నాలుగు మెట్లెక్కితే రొప్పే మనిషికి అదెంత పెద్ద వరమో! 996లో కట్టిన మట్టి గోడల ఆలయం అది. లోపల దాదాపు చీకటి. కళ్లు అలవాటు పడ్డాక గోడల నుంచి ముందుకు వచ్చిన మట్టి దేవతామూర్తులు, వాటి కింద రంగుల చిత్రాలు ఒక్కొక్కటే తేలతాయి. ఫోటోలు తీయనివ్వరు, అదే మంచిది. మొదట్లో వాకిలి దాటి లోపల కూర్చోవడమే నా శక్తి. తర్వాత ప్రాంగణంలోని స్తూపాల చుట్టూ ఒక చుట్టు, కొన్నాళ్లకు ఆపిల్ తోటల దాకా. రోజూ చూసే ఒక వృద్ధ లామా నా నడక చూసి, చేత్తో "మెల్లగా, మెల్లగా" అని సైగ చేసేవారు.

ఆయాసం అక్కడే పోయింది కానీ దగ్గు ఇంటికొచ్చాక కూడా చాలా రోజులు వేధించింది. మళ్లీ వెళ్తాను. ఈసారి సిమ్లా వైపు నుంచి కల్పాలో, నాకోలో, తాబోలో ఆగుతూ వెళ్లాలి. ఎత్తుకు ఒళ్లు అలవాటు పడేందుకు వాడే డయామాక్స్ మాత్ర సంగతి ముందే డాక్టరుతో మాట్లాడాను, సల్ఫా మందులు పడతాయో లేదో కూడా అడిగారు. కొమిక్‌లో ఆ ఇంటికి పగటిపూట వెళ్లి, వాళ్ల తుక్పా కడుపునిండా తిని, సాయంత్రానికి కాజాకి దిగిపోతాను.