పాతకాపుల నోటిదురుసు

గ్రూపులో ఏళ్ల తరబడి ఉన్నాయన "బుర్ర ఉందా నీకు?" అంటే నవ్వుల ఎమోజీలు పడతాయి. అదే మాట నిన్న చేరినవాడు అంటే అరగంటలో బయటికి. మనస్తత్వశాస్త్రవేత్త ఎడ్విన్ హాలండర్ 1958లోనే దీన్ని వివరించాడు. గుంపుకు పనికొచ్చేకొద్దీ మనిషి ఖాతాలో పరపతి జమవుతుంది, కట్టుబాటు తప్పినప్పుడల్లా అందులోంచి ఖర్చవుతుంది.

చిక్కల్లా ఆ ఖాతా పాతవాళ్లకే కనబడటం. "ఆయన మాటే కటువు, మనసు వెన్న" అని వాళ్లకు తెలుసు. కొత్తవాళ్లకు కనిపించేవి అక్షరాలే. వాళ్లు గొడవపడరు, ఫిర్యాదు చేయరు, చల్లగా జారుకుంటారు. అందుకే ఆ నష్టం అడ్మిన్ల లెక్కలోకి రాదు.

ఎప్పుడైనా ఒక ఫిర్యాదు వస్తే ఆ మెసేజ్‌కు పేరు, ఫొటో తీసేసి, ముందూ వెనకా నాలుగేసి మెసేజ్‌లు ఉంచి, ఇద్దరు అడ్మిన్లకు విడివిడిగా చూపించండి. (రాసే తీరును బట్టి పోల్చుకుంటారనుకోండి, అయినా కొంత నయం.) ఆ మెసేజ్ రాసినాయన స్నేహితుడు తీర్పులో ఉండకూడదు. తప్పేనని తేలితే, మొదటిసారి ఆయనకు విడిగా మెసేజ్ పెట్టి, ఫలానా వాక్యమని చూపించాలి. అందరికీ కలిపి "మర్యాద పాటించండి" అంటే అది తనకేనని పెద్దాయనకు తట్టదు. రెండోసారి 24 గంటల మ్యూట్, అంటే అంతసేపూ గ్రూపులో ఏమీ రాయనివ్వకపోవడం. ఇక్కడే చాలామందికి చెయ్యి ఆడదు, ఆయన అలిగితే గ్రూపు పడిపోతుందని భయం.

లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు మూలపురుషుడైన లినస్ టోర్వాల్డ్స్ అంతటివాడే 2018 సెప్టెంబరులో తన దురుసుతనానికి క్షమాపణ చెప్పి కొన్నాళ్లు పక్కకు తప్పుకున్నాడు. లైనక్స్ కెర్నెల్ (ఆ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రాం) 4.19 వెర్షన్ ఆ అక్టోబరులో తోటి డెవలపర్ గ్రెగ్ క్రోహార్ట్‌మన్ చేతుల మీదుగా మామూలుగానే విడుదలైంది.