పద్మ అవార్డుల లిస్టు బట్టీ పట్టకండి: ఆదివాసీ మహిళల టాపిక్ నేను చదువుతున్న తీరు

గ్రూప్-1 మెయిన్స్ జనరల్ ఎస్సే పేపర్లో ఆదివాసీల మీదో మహిళల మీదో ప్రశ్న పడితే మనందరి ఆన్సర్లలో అవే రెండు పేర్లు: ద్రౌపది ముర్ము, మాలావత్ పూర్ణ. రాయొద్దని కాదు. "ఎన్నో కష్టాలకోర్చి ఉన్నత శిఖరాలు అధిరోహించారు" అని రాసి వదిలేస్తే దిద్దేవాళ్ళు దేనికి మార్కు వెయ్యాలి? హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్ల అడ్డా అశోక్‌నగర్‌లో ఏ రీడింగ్ రూమ్‌కి వెళ్ళినా ఈ పేరానే చేతులు మారుతుంటుంది. నేను గ్రూప్-2లో ఉద్యోగం తెచ్చుకుని, గ్రూప్-1కి మళ్ళీ చదువుతున్నాను. మొత్తం స్ట్రాటజీ చెప్పే ఓపిక లేదు, యూట్యూబ్‌లో అవి బోలెడున్నాయి. ఈ ఒక్క టాపిక్ గురించి మాత్రం చెప్తాను.

ఒక్కో మహిళకు ఒక పేజీ పెట్టుకున్నాను. పైన పేరు, ఊరు, తెగ. అవార్డు ఎక్కడో మూలన. పేజీ మధ్యలో ఆమె చేసిన పని, ఆ పని చుట్టూ ఉన్న చట్టాలు.

కమలా పూజారి పేజీ చూడండి. ఒడిశాలోని కోరాపుట్ జిల్లా, జయపూర్ దగ్గర పాత్రపుట్ ఆమె ఊరు. అంతరించిపోతున్న దేశవాళీ వరి రకాలను సేకరించి కాపాడింది. 2019లో పద్మశ్రీ వచ్చింది, 2024లో చనిపోయింది. బిట్లకు ఇంతే చాలు. మెయిన్స్‌కు చాలదు. కోరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) 2012లో ప్రపంచ వ్యవసాయ వారసత్వ వ్యవస్థగా గుర్తించింది. రైతు తన విత్తనాన్ని దాచుకోవచ్చు, మార్చుకోవచ్చు, బ్రాండ్ పేరు లేకుండా అమ్ముకోవచ్చు అని చెప్పేది 2001 నాటి మొక్కల రకాల సంరక్షణ, రైతు హక్కుల చట్టం, అందులో సెక్షన్ 39. దాని పక్కనే 2002 జీవవైవిధ్య చట్టం. ఒక్క మనిషి పేరుతో జాగ్రఫీ, ఎకానమీ, సైన్స్ మూడూ ఒక పేజీలోకి వచ్చాయి. మహారాష్ట్రలో రాహీబాయి పోపెరేది (2020 పద్మశ్రీ) కూడా విత్తనాల పనే కాబట్టి ఆమెకు వేరే పేజీ పెట్టలేదు, దీని కిందే రాసుకున్నా.

కేరళ కాణి తెగకు చెందిన లక్ష్మికుట్టికి మూలికా వైద్యానికి 2018లో పద్మశ్రీ ఇచ్చారు. ఆమె పేజీలో నేను ఎక్కువ రాసుకున్నది ఆమె తెగ గురించే. కాణి వాళ్ళు చూపించిన ఆరోగ్యపచ్చ మొక్కతో 'జీవని' మందు తయారైంది, లాభంలో వాటా ఆ తెగకు ఇచ్చారు. జీవవనరుల లాభంలో స్థానికులకు వాటా ఇవ్వాలనే 2010 నగోయా ప్రోటోకాల్ గురించి అడిగితే ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు.

ఇక ముర్ము. మయూర్‌భంజ్ సంతాల్ అమ్మాయి, 1997లో రాయ్‌రంగ్‌పూర్ కౌన్సిలర్, 2022 జులై 25న రాష్ట్రపతి. ఇది అందరూ రాసేదే. నేను రాసేది 2017 సంగతి. అప్పుడామె జార్ఖండ్ గవర్నర్. ఆదివాసీ భూమిని కాపాడే ఛోటానాగ్‌పూర్, సంతాల్ పరగణా కౌలు చట్టాలకు సవరణ బిల్లులు ఆమోదానికి వస్తే సంతకం పెట్టకుండా ప్రభుత్వానికి తిప్పి పంపారు. ఆదివాసీ భూమి, బిల్లులపై గవర్నర్ అధికారం చెప్పే ఆర్టికల్ 200, ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే మన 1/70 రెగ్యులేషన్‌తో పోలిక, అన్నీ ఆ ఒక్క నిర్ణయం చుట్టూ రాయొచ్చు. నన్నడిగితే "తొలి ఆదివాసీ రాష్ట్రపతి" అనే వాక్యం కన్నా దీనికే బరువెక్కువ.

పూర్ణ విషయంలోనూ అంతే. 2014 మే 25న, 13 ఏళ్ళ 11 నెలల వయసులో, టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కింది. నిజామాబాద్ జిల్లా పాకాల ఊరి లంబాడా కూలీల బిడ్డ, సాంఘిక సంక్షేమ గురుకులం విద్యార్థిని, భువనగిరి గుట్ట మీద శిక్షణ. ఆన్సర్‌లో గురుకులాల గురించి రాయండి. ఎవరెస్ట్ దానంతటదే వస్తుంది.

మేడారం సంగతి పుస్తకంలో కన్నా నా రూమ్మేట్ దగ్గరే ఎక్కువ నేర్చుకున్నా. తాడ్వాయి వైపు కోయ అమ్మాయి. నా నోట్స్ చూసి నవ్వింది: "అక్కా, మీరంతా ఎన్ని బస్సులు, ఎంత జనం అనే రాస్తరు. తల్లి గద్దెకు ఎట్లొస్తదో ఒక్కరూ రాయరు." మాక్ టెస్ట్ ఓఎంఆర్ షీట్ వెనక పెన్సిల్‌తో మ్యాప్ గీసిచ్చింది. కన్నెపల్లి నుంచి సారలమ్మ, పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు బుధవారం గద్దెకు చేరతారు. గురువారం చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణె రూపంలో సమ్మక్క వస్తుంది. శుక్రవారం మొక్కులు, బెల్లమే బంగారం. శనివారం వనప్రవేశం. కరువులో కప్పం కట్టలేమన్న కోయలపైకి కాకతీయ సైన్యం రావడం, సమ్మక్క యుద్ధానికి దిగడం జనం చెప్పుకునే కథ. "ఐతిహ్యం ప్రకారం" అని ఒక మాట చేర్చి రాయండి, శాసనంలో ఉన్నట్టు రాయకండి. 1996లో రాష్ట్ర పండుగయింది. వీలైతే మాసబ్‌ట్యాంక్ ట్రైబల్ మ్యూజియానికి ఒక పూట వెళ్ళిరండి, తెగల పేర్లు కలగాపులగం కావు.

హిస్టరీకి బ్రిటిష్ వాళ్ళతో పోరాడిన నాగా నాయకురాలు రాణి గైడిన్లియు తప్పదు. 1932లో టీనేజ్‌లోనే అరెస్టయి, స్వాతంత్ర్యం వచ్చాకే జైలు నుంచి బయటికొచ్చింది. 1855 సంతాల్ తిరుగుబాటులో సిద్ధూ, కన్హూలతో ఆగిపోకండి, వాళ్ళ చెల్లెళ్ళు ఫూలో, ఝానోలను కూడా రాయండి. వయనాడ్ కురిచియ అమ్మాయి శ్రీధన్య 2018 సివిల్స్‌లో 410వ ర్యాంకు తెచ్చుకుంది. ఆమె కథ ఆన్సర్ కోసం కాదు, మనకోసం చదువుకోండి.

చాలామంది వదిలేసేది ఒకటుంది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 4(4) ప్రకారం పెళ్ళయినవాళ్ళకు పట్టా భార్యాభర్తలిద్దరి పేరనా ఇవ్వాలి. అటవీ హక్కుల కమిటీలో మూడోవంతు మహిళలుండాలి. పైన చెప్పిన విత్తనాలు, మూలికలు, భూమి అన్నీ చివరికి ఇక్కడికే వస్తాయి. ఈ వారం నేను రాస్తున్న ప్రశ్న ఇది: "అటవీ హక్కుల చట్టం ఆదివాసీ మహిళను భూ యజమానిగా నిలబెట్టిందా? తెలంగాణ ఏజెన్సీ నేపథ్యంలో చర్చించండి." 1000 పదాలు, గంట టైమ్. మీరూ రాసి పెడితే మార్చుకుని దిద్దుకుందాం.